మూడో స్తంభం మీద పెట్టె

డిగ్లీపూర్ దాటి బస్సు ఇంకో గంట పోయాక, మడ అడవి రెండుగా విడిపోయే చోట ఒక ఖాడీ ఉంది. సముద్రం రోజుకు రెండుసార్లు లోపలికి వచ్చి చూసిపోయే ఉప్పునీటి పాయ అది. దాని మీద ఇనుప దూలాల వంతెన, కింద నాలుగు స్తంభాలు. వంతెనకు ఇవతల, మొసళ్ళున్నాయి జాగ్రత్త అని రాసిన బోర్డుకు పది అడుగుల దూరంలో, కాసులమ్మ రేకుల ఇల్లు.

కాసులమ్మ ఈ దీవిలోనే పుట్టింది. తాతలనాడు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కుటుంబం. నాలుగో తరగతి దాకా చదివింది. ఆ తరవాత తమ్ముళ్ళను ఎత్తుకోవడానికి ఇంట్లో మనిషి కావలసి వచ్చి మానేసింది. పద్దెనిమిదో ఏట యర్రయ్యను చేసుకుని ఈ వంతెన పక్కకు వచ్చింది. యర్రయ్య వంతెన మీద మజ్దూరు. పోటుకు కొట్టుకొచ్చి స్తంభాలకు అడ్డం పడే దుంగలు లాగెయ్యడం, తుప్పు గీకడం, రంగు వెయ్యడం అతని పని. జీతం ఇచ్చింది ఈ పనులకే. కానీ అతను చేసేది ఇంకొకటి ఉండేది. బస్సో, ఇసక లారీయో దాటిపోగానే దూలం మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, పెదాలు కదుపుతూ నిలబడేవాడు.

"ఏటా మంత్రాలు?" అని కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఒకసారి అడిగింది.

"మంత్రాలు కాదే, లెక్క. బండి పోనాక ఎంతసేపు ఒణుకుతాదో సూత్తన్నాను. నాలుగు లెక్కెట్టేలోగా సద్దుకోవాల. అప్పుడు బాగున్నట్టు."

ఆ లెక్క ఇరవై ఏళ్ళకు పైగా నాలుగు దగ్గరే ఉంది. అతని ఆఖరి రెండేళ్ళలో మూడో స్తంభం దగ్గర మారింది. అయిదయింది, ఆరయింది, ఏడయింది. యర్రయ్య ఆఫీసుకు వెళ్ళి చెప్పాడు. వాళ్ళు నవ్వి, "నీ చెయ్యి మీటరా?" అన్నారు. మళ్ళీ చెప్పాడు. మళ్ళీ నవ్వారు. ఆ రెండో ఏడు వానల ఆఖర్లో ఒక పొద్దున, పోర్ట్ బ్లెయిర్ వెళ్ళే బస్సుకు ఎదురెళ్ళి ఎర్రగుడ్డ పట్టుకుని నిలబడిపోయాడు. నిండా జనం. అందరూ దిగి నడిచి దాటితేనే బండిని వదులుతానన్నాడు. రెండు గంటల గొడవ. ఆస్పత్రికి పోయేవాళ్ళు, ఓడ అందుకోవలసినవాళ్ళు తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. ఆఫీసు నుంచి రామ్‌ప్రసాద్ అనే చిన్న ఇంజినీరు వచ్చి, సుత్తితో నాలుగు చోట్ల కొట్టి చూసి, ఏమీ లేదన్నాడు. వారం తిరక్కుండా అతనే మెమో కాగితం పట్టుకొచ్చాడు. జనాన్ని ఊరికే భయపెట్టినందుకు సంజాయిషీ రాయమని. ఆ రోజు నుంచి ఊళ్ళో యర్రయ్య పేరు పుల్ పాగల్, అంటే వంతెన పిచ్చోడు. హిందీ రానివాళ్ళు కూడా ఆ రెండు మాటలూ నేర్చుకున్నారు.

నాలుగు నెలలకు యర్రయ్య గుండె ఆగిపోయింది. శ్మశానం ఖాడీకి అవతల. జీపులో ఆ వంతెన మీదుగానే తీసుకుపోయారు. ఆడవాళ్ళు వెళ్ళరు గనక కాసులమ్మ బోర్డు దగ్గరే నిలబడి చూసింది. జీపు మూడో స్తంభం దాటేటప్పుడు వెనక కూచున్నవాళ్ళలో ఎవరో ఏదో అన్నారు. మిగతావాళ్ళు నవ్వాపుకున్నారు. ఆవిడ అది చూసింది. ఎవరితోనూ అనలేదు.

ఏడాది మాసికం అయిన నెలకి, మే ఆఖర్లో, సింధూరి వచ్చింది.

సింధూరి పోర్ట్ బ్లెయిర్ పిల్ల. తండ్రి ఎప్పుడో కాకినాడ నుంచి మాస్టరుగా వచ్చి అక్కడే ఉండిపోయాడు. పిల్ల మెయిన్‌లాండ్‌లో ఇంజినీరింగు చదివి, వంతెనల ఆరోగ్యం కనిపెట్టే పెట్టెలు తయారుచేసే బృందంలో పనిచేస్తోంది. భుజాన ఒక సంచి, చేతిలో ఒక అట్టపెట్టె. అట్టపెట్టెలో బూడిద రంగువి చిన్న చిన్న డబ్బాలు నాలుగు. సబ్బుపెట్టె కంటే కాస్త పెద్దవి, అంతే.

"అమ్మా, మీ ఇంట్లో కరెంటుంది కదా. ఇంకో పెట్టె మీ కిటికీలో పెట్టుకోనిస్తారా? ఆ నాలుగూ చెప్పేది ఇది వింటుంది. విని పోర్ట్ బ్లెయిర్‌కి పంపిస్తుంది."

"వైర్లు ఎటునుంచి లాగుతారమ్మా? గుమ్మంలోంచయితే కాళ్ళకి అడ్డం."

"వైర్లు లేవమ్మా. గాల్లోనే."

కాసులమ్మ కిటికీలోంచి వంతెన వైపు చూసింది. మధ్యలో మడచెట్లు, పైన గాలి. ఇంకేమీ లేదు.

అట్టపెట్టె మీద ఇంగ్లీషులో రైల్వే అని ఉందట. దాన్ని టీ కొట్టు కన్నారావు చదివాడు. కన్నారావు యర్రయ్యకు చిన్ననాటి స్నేహితుడు, ఊరికంతటికీ వార్తాపత్రిక. సాయంత్రానికల్లా రైలొస్తోందని ఊరంతా తెలిసిపోయింది.

"వదినా, స్టేషను మీ ఇంటి జాగాలోనే కడతారంట. మర్సిపోకు, టీ కొట్టు మాత్రం నాకే ఇప్పించాల."

"సముద్రం మీద ఎలగొత్తాదిరా రైలు?"

"అది ఆల్ల బాధ. మనకేటి? వచ్చేక ఎక్కుదుం."

మర్నాడు సింధూరి పగలబడి నవ్వింది. "రైలు రాదు భయ్యా! ఈ పెట్టెలు రైలు వంతెనల కోసం చేసినవి, అంతే. అక్కడ వేలకి వేలు వంతెనలు. అన్నిటికీ పెద్ద మెషీన్లు, మైళ్ళకొద్దీ వైర్లు పెట్టాలంటే అయ్యే పనేనా? అందుకని ఇవి చేశాం. ఒక్కోటి మామూలు ఫోను ఖరీదే. బ్యాటరీ వేసి అంటించెయ్యడమే."

"రైలు నేని సోటికి ఎందుకు తెచ్చేవమ్మా మరి?" అంది కాసులమ్మ.

"ఇక్కడి ఉప్పుగాలి, ఇక్కడి వాన తట్టుకున్నాయంటే ఎక్కడైనా తట్టుకుంటాయి. పైగా బండి ఏదైతేనేం, వంతెన వణుకు వణుకే కదా."

వణుకు అన్న మాటకు కాసులమ్మ చేతిలో టీ గిన్నె ఆగింది. "ఒణుకు కనిపెడతాదా ఇది?"

"సెకనుకి వందసార్లు చూస్తుందమ్మా. ఎంత వణికింది, ఎంతసేపు వణికింది, స్తంభం ఏమాత్రం వాలింది, అన్నీ. ఒక వారం ఊరికే సిగ్నల్ అందుతోందా లేదా చూస్తాం. వచ్చే సోమవారం నుంచి అసలు లెక్క. నెల తిరిగాక ఆఫీసుకి రిపోర్టు."

మా ఆయన కూడా లెక్కెట్టీవోడమ్మా, అని నోటిదాకా వచ్చింది. అనలేదు. లోపల మాత్రం ఒక మాట కూచుండిపోయింది. ఆయన చెప్పింది నిజమో కాదో ఇక తేలిపోతుంది. నిజం కావాలని ఎంత ఉందో, కాకూడదని అంతే ఉంది. నిజమయితే, పొద్దున్నే బడిపిల్లల్ని ఎక్కించుకుని పోయే బస్సు రోజూ ఆ మూడో స్తంభం మీదుగానే పోతోంది.

సింధూరి, రామ్‌ప్రసాద్ కలిసి ఒక్కో స్తంభం పైన దూలానికి ఒక్కో పెట్టె అంటించారు. అడుగున అయస్కాంతం. టక్కున పట్టుకుంటుంది. ఆ వేళ కాసులమ్మ వాళ్ళకు వంట చేస్తూ ఇంట్లో ఉండిపోయింది. కిటికీలో పెట్టె మీద ఆకుపచ్చ దీపం వెలిగి ఆరుతోంటే, గరిట పట్టుకునే చూస్తూ నిలబడింది. రోజుకోసారి ఉప్పు తుడిచి, దీపం మెరుస్తోందో లేదో చూసే పని సింధూరి ఆవిడకే అప్పజెప్పి వెళ్ళింది.

వాళ్ళు వెళ్ళాక, వీధిలో ఎవరూ లేకుండా చూసుకుని, కాసులమ్మ కిటికీ బయట నిలబడి స్టీలు పళ్ళెం ఒకటి అడ్డం పెట్టింది. దీపం మెరుస్తూనే ఉంది. చాట పెట్టింది. మెరిసింది. తనే అడ్డం నిలబడి చేతులు చాపింది. ఆవిడ ఒంట్లోంచి, చెట్లలోంచి, వానజల్లులోంచి ఆ మాట వెళ్ళిపోతూనే ఉంది. ఒళ్ళు గగుర్పొడిచింది కాసులమ్మకు. లోపలికి పోయి, దేవుడి పటాల ముందు నిలబడ్డట్టే ఆ పెట్టె ముందు కాసేపు నిలబడింది.

నాలుగో రోజు సింధూరి ఫోను చేసింది. "అమ్మా, నిన్న మధ్యాహ్నం రెండు దాటాక ఏం చేస్తున్నారు?"

"బియ్యం ఏరుతున్నానమ్మా. ఏం?"

"అప్పుడు భూకంపం వచ్చింది. మనుషులకి తెలియనంత చిన్నది. మీ నాలుగు పెట్టెలకీ తెలిసింది."

కాసులమ్మ నేల వైపు చూసింది. ఇక్కడే, ఈ గచ్చు మీదే కూచుని బియ్యం ఏరింది. కింద భూమి కదిలింది. ఒక్క గింజ కూడా చెప్పలేదు. ఆ సబ్బుపెట్టెలంతవి, బయట వానలో ఉండి, కనుక్కున్నాయి. ఆ సాయంత్రం వంతెన మీదికి పోయి నాలుగింటినీ మెత్తటి గుడ్డతో, పసిపిల్ల మొహం తుడిచినట్టు తుడిచింది.

"రోజూ పోయి ఆ పెట్టెల్ని ఊపుతున్నావేటి వదినా?" అన్నాడు కన్నారావు కొట్టులోంచి. "యర్రయ్య మాట నిజం సేసీడానికి?"

"నోర్ముయ్యరా," అంది. వాడు ఊరికే అన్నాడని తెలుసు. అయినా గుచ్చుకుంది.

ఆదివారం తుడవబోతే మూడో పెట్టె అడుగున ఎర్రటి గీత కనపడింది. అప్పుడే తుప్పు. దీవిలో కాపురం చేసే ఏ ఆడదానికయినా తుప్పంటే పాము కనపడ్డట్టే. ఇనుము ఇనుము మీద కూచుంటే ఉప్పుగాలికి రెండూ తినేసుకుంటాయి. అందుకే ఇక్కడ ఫ్రిజ్ కాళ్ళ కింద, గ్యాస్ బండ కింద, ట్రంకు పెట్టె కింద రబ్బరు ముక్క పెట్టని ఇల్లుండదు. కాసులమ్మ ఇంటికి వచ్చి వెతికింది. యర్రయ్య గంబూట్లలో చిరిగినది ఒకటి మూల పడుంది. ఇన్నాళ్ళూ పారెయ్యలేకపోయింది. దాని అడుగు మెత్తటి రబ్బరు, మందంగా కోసింది. ఒక్క ముక్కే వచ్చింది. మూడో పెట్టెను ఊడదీసి, కింద రబ్బరు వేసి, ఊడకుండా చేపల తాడుతో దూలానికి బిగించి కట్టింది. ఆయన బూటు ఆ పెట్టెకు కాపుంటుందని మనసు కాస్త తేలికపడింది కూడా. మిగతా మూటికీ తరవాత చూద్దామనుకుంది. తరవాత వానలు ముదిరాయి, ఆ మాట మరుగున పడింది.

సోమవారం అసలు లెక్క మొదలయింది. మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున గంజి వారుస్తుండగా ఫోను మోగింది.

"మంచి వార్తమ్మా," అంది సింధూరి. "వంతెన బాగుంది. నాలుగింట్లో మూడు స్తంభాలు ఒకేలా ఉన్నాయి, మూడోదయితే అన్నిటికన్నా నెమ్మది. అసలు వణుకే లేదు. రామ్‌ప్రసాద్ గారికి చెప్తే, నేను ముందే చెప్పాను కదా అన్నారు. సోమవారం రిపోర్టు ఇచ్చేస్తాం. అన్నట్టు, పెట్టెలు ఇనుముకి గట్టిగా అంటుకునే ఉన్నాయి కదా? మధ్యలో ఒక ఆకు ఇరుక్కున్నా దానికి సరిగా తెలీదు."

"ఆఁ... ఉన్నాయమ్మా."

అలవాటుగా వచ్చిన జవాబు. ఫోను పెట్టేసి, గంజి గిన్నె దించి, పీట మీద కూలబడింది. అన్నిటికన్నా నెమ్మది. అంటే ఆయన అరచేతికి తెలిసిందంతా భ్రమేనా? ఆ రెండేళ్ళ లెక్కా, ఎర్రగుడ్డా, తిట్లూ అన్నీ ఊరికేనా? కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆ నీళ్ళలోంచే ఆవిడ చూపు ఎదురుగా గ్యాస్ బండ మీద పడింది. బండ కింద రబ్బరు.

గబుక్కున లేచింది. మంచం పట్టినవాడి నాడి చూసేవాడు దుప్పటి మీంచి చూస్తాడా! తనే కప్పింది. తన చేత్తోనే.

వానలో గొడుగు కూడా లేకుండా వంతెన మీదికి పోయింది. మూడో పెట్టె దగ్గర వంగి చేపల తాడు ముడి పట్టుకుంది. ఒక్క లాగు లాగితే చాలు, ఎవరికీ తెలియదు. రేపటి నుంచి పెట్టె చెప్పే లెక్క దానంతటదే మారుతుంది.

ముడి మీద వేళ్ళు అలాగే ఆగిపోయాయి. మూడు వారాలు నెమ్మదిగా ఉన్నది రేపు ఉన్నట్టుండి వణికితే, ఏమంటారు? కన్నారావు వేళాకోళానికి అన్నదే రామ్‌ప్రసాద్ నిజంగా అంటాడు. పిచ్చివాడి పెళ్ళాం పెట్టెను కదిపిందంటాడు. అప్పుడిక ఆయన మాటకు ఎప్పటికీ విలువుండదు. ఆ పెట్టె మాటకూ ఉండదు. బస్సు మాత్రం పోతూనే ఉంటుంది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. అక్కడే తడుస్తూ నిలబడి ఫోను చేసింది.

"అమ్మా, నాను తప్పు సేసేను. మూడో పెట్టె కింద రబ్బరెట్టేను, తుప్పడతాదని. ఇందాక నీకు అబద్ధం సెప్పేను, తెలవక. ఇప్పుడు నాను ముట్టుకోను. నువ్వే రా. ఆ ఇంజినీరు బాబుని కూడా తే. మీ సేతుల్తోనే తియ్యండి."

"రబ్బరా?" అంది సింధూరి. "ఎప్పట్నించమ్మా?"

"లెక్క మొదలెట్టే ముందు రోజు నుంచి."

"అయ్యో... నెల పని!" తరవాత ఆ పిల్లే తేరుకుంది. "వస్తున్నాను. మీరు చెప్పకపోయుంటే రిపోర్టు వెళ్ళిపోయేది. ఏమీ కదపకండి."

మూడో రోజు ఇద్దరూ వచ్చారు. కన్నారావు కొట్టు వదిలేసి వచ్చాడు. రామ్‌ప్రసాద్ వంగి తాడూ, రబ్బరూ చూసి, ఫోటో తీసుకుని, "క్యా కామ్ కియా దీదీ!" అన్నాడు విసుగ్గా. "ఎంత పని చేశారు! పెట్టెకి చెప్పు తొడిగారా?"

"బూటు బాబూ," అంది కాసులమ్మ.

ముందు రబ్బరు ఉండగానే ఒక ఇసక లారీని పోనిచ్చారు. సింధూరి ఫోనులో నాలుగు గీతలు పక్కపక్కనే కదిలాయి. మూడోది కాస్త ఉలిక్కిపడి పడుకుంది. సింధూరి కత్తితో తాడు కోసి, రబ్బరు తీసి, దూలాన్ని గీకి శుభ్రం చేసి, పెట్టెను టక్కున అంటించింది. అటువైపు రెండో లారీ నిండు లోడుతో ఆగి ఉంది. చెయ్యి ఊపారు. లారీ మెల్లగా వచ్చి, దాటి, అవతలి ఒడ్డెక్కింది.

మొదటి గీత సద్దుకుంది. రెండోది, నాలుగోది సద్దుకున్నాయి. మూడోది పోతూనే ఉంది. లారీ లేదు, చప్పుడు లేదు, ఖాడీ మీద వాన చినుకులు తప్ప ఏమీ లేదు. ఆ చిన్న అద్దంలో మాత్రం ఆ గీత, నీళ్ళలో వేసిన రాయి అలలాగా, సన్నబడుతూ పోతూనే ఉంది.

"ఆరున్నర సెకన్లు," అంది సింధూరి. "మిగతావి మూడున్నర కూడా లేవు."

కాసులమ్మ పెదవి విప్పింది. ఈసారి మాట ఆగలేదు. "మా ఆయన ఏడు అనీవోడమ్మా. సేత్తో సూసి."

సింధూరి ఫోను మీంచి తల ఎత్తి ఆవిడ వైపు చూసింది. "చేత్తోనా?" అంది.

"ఆడు కొంచెం స్పీడుగా లెక్కెట్టీవోడు," అన్నాడు కన్నారావు. నవ్వబోయాడు, నవ్వు రాలేదు. తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

రామ్‌ప్రసాద్ ఇంకో లారీని పిలవమన్నాడు. అది దాటేటప్పుడు ఫోను చూడలేదు. రెయిన్‌కోటు జేబులోంచి చెయ్యి తీసి, తడి దూలం మీద అరచెయ్యి ఆనించాడు. అతని పెదాలు కదిలాయి. చాలాసేపటికి చెయ్యి తీసి, ఆ అరచేతినే ఒకసారి చూసుకుని, "దీదీ," అన్నాడు, "భయ్యా ఇలాగే చూసేవారా?"

"అవును బాబూ."

"తెలుస్తోంది," అన్నాడు. అప్పటికప్పుడు లారీలను ఆపించి, ఫోనులోనే ఆఫీసుకు మాట్లాడాడు.

కాసులమ్మకు మాత్రం అప్పుడు సంతోషమూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఒక పక్క ఎవరో చదువుకున్నవాళ్ళు ఎక్కడో కూచుని, రైలు వంతెనల కోసమని, ఇనుము లోపలి వణుకును పట్టే పెట్టె చేశారు. ఇంకో పక్క నాలుగక్షరాలు రాని మనిషి అదే వణుకును ఒట్టి చేత్తో పట్టాడు. ఒకరికొకరు తెలియదు. ఇద్దరూ ఒకే మాట చెప్పారు. ఆ మనిషితో తను ఇరవై ఆరేళ్ళు ఒకే కంచంలో అన్నం తింది. ఆ చెయ్యి ఎంతటిదో ఈ రోజు దాకా తనకూ తెలియలేదు. వానలో తడుస్తూ, కాళ్ళ కింద వంతెనను, పక్కన దూలాన్ని, దాని మీద ఆ బూడిదరంగు డబ్బాను చూస్తూ అలా నిలబడిపోయింది. సింధూరి వచ్చి భుజం పట్టుకుని, "పదండమ్మా, జ్వరమొస్తుంది," అనేదాకా.

పదిరోజుల్లో స్తంభం కింద చూసే మనుషులు వచ్చారు. దూలం ఆనుకునే దిమ్మ ఒక పక్కకు ఒరిగి బిగుసుకుపోయిందన్నారు. బాగుచేసే దాకా బరువు లారీలు బంద్. బస్సు ఖాళీగా దాటాలి, జనం దిగి నడిచి అవతల ఎక్కాలి.

మొదటి రోజు పొద్దున్నే, కాసులమ్మ కన్నారావు కొట్టు దగ్గర ఎక్కి, ఖాడీ అవతలి బజారుకని అదే బస్సులో ఉంది. డ్రైవరు అందరినీ దింపేశాడు. వాన తుంపర. బడిపిల్లలు పరుగెత్తారు. మిగతావాళ్ళు సణుక్కుంటూ, ఖాళీ బస్సు వెనకాల వరసగా నడిచారు. కాసులమ్మ పక్కన ఒక ముసలావిడ, ఊరికి కొత్త, నెత్తిన అరటిగెల, చేతిలో రెండు సంచులు.

"ముసిలిదాన్ని నడిపిత్తన్నారు! ఏ ఎదవ పెట్టేడమ్మా ఈ రూలు?"

కాసులమ్మ ఆవిడ చేతిలోంచి బరువైన సంచి అందుకుంది.

"మా ఇంటాయన," అంది. "అడుగు సూసుకు ఎయ్యి అత్తా, తడిగా ఉంది."